వాడి కాళ్లు చూడు

ఏవండీ,

మీరు పోయి ఏడాదైంది. ఇవాళ మీ కమ్మింగ్ ఊరి స్నేహితుల గ్యాంగ్ మళ్లీ మన బేస్‌మెంట్‌లోనే టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకుంది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే వాణ్ణి ఒకడు పడగొట్టాడు. మీరు పడి చచ్చే శాక్ అదే కదా!

"హెల్మెట్ ఊడేలా గుద్దాడు, అదీ శాక్ అంటే!" అన్నాడు శ్రీను.

నేను బజ్జీల ప్లేటు కింద పెట్టి, రిమోట్ అందుకుని, ఆటను వెనక్కి తిప్పి ఆపాను.

"గుద్దడంలో ఏముంది శ్రీనూ? వాడి కాళ్లు చూడు. ఇద్దరు అడ్డొచ్చినా ఎలా తప్పించుకొచ్చాడో!"

అందరూ నోళ్లు తెరిచారు. "వదినా, అచ్చం అన్న మాటే!" అన్నాడు శ్రీను.

పన్నెండేళ్లు "సౌండ్ తగ్గించండి" అని పైనుంచి అరిచానే గానీ, ఒక్క మ్యాచ్ కూడా మీ పక్కన కూర్చుని చూడలేదు. ఇదంతా నాకెప్పుడు నేర్పారండీ?