తువ్వాళ్లకి టేపు వేయకండి

ఏవండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను, వచ్చేసరికి ఆలస్యమవుతుంది. రేపు పొద్దున్నే వాటర్ పార్కుకి బయల్దేరాలి కాబట్టి బ్యాగులు మీరే సర్దండి. తువ్వాళ్లు, పిల్లలిద్దరికీ రెండేసి జతల బట్టలు, టోపీలు, నీళ్ల సీసాలు, ఎండకి రాసుకునే క్రీము అన్నీ మంచం మీద తీసి పెట్టాను. అత్తయ్య మోకాళ్ల మాత్రలు పై జిప్పులో పెట్టండి, అడుగున కాదు.

దేనికీ టేపు మాత్రం వేయకండి. మీరు పార్సిల్ ఆఫీసులో పనిచేస్తారని ఆ తువ్వాళ్లకి తెలియక్కర్లేదు. పోయినసారి పిల్లలు నీళ్లలోంచి వచ్చి గజగజ వణుకుతుంటే, మీరు చుట్టిన నాలుగు చుట్ల టేపు ఊడదీయడానికి అరగంట పట్టింది. కత్తెరేదని అడిగితే, అదీ ఆ మూటలోనే భద్రంగా ఉందన్నారు. చివరికి అత్తయ్య కట్టుడు పళ్లతో కొరికి విప్పారు.

టేపు కోసం ఇల్లంతా వెతక్కండి. అది నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, నాతోపాటు ఆసుపత్రికి వస్తోంది.

అన్నట్టు, పోయినసారి తీసిన ఫొటోలు నిన్న చూశాను. ఒక్కదాంట్లోనూ మీరు లేరు. రోజంతా బ్యాగులకి కాపలా కూర్చున్నారు పాపం. ఈసారి బ్యాగులు లాకర్లో పెట్టేసి, మీరూ మాతో పెద్ద జారుడుబల్ల ఎక్కుతున్నారు. మీ నిక్కరు కూడా సర్దుకోండి. నేను వచ్చేసరికి కాలు బెణికిందని కుంటకండి. బెణికిన కాళ్లు నేను రోజుకి పది చూస్తాను.