వెనక మనిషి

ఒరేయ్ సూరీ,

నువ్వు పోయి ఏడాదైంది. మన పడవ ఇన్నాళ్ళూ ట్రాలీ మీదే ఎండుతోంది. దాన్ని లాగే నీ బండిని చెల్లెమ్మ పిల్లల్ని తీసుకుని ఈ ఎడారి దేశం వదిలి కాకినాడ వెళ్ళిపోతూ అమ్మేసింది. నా చిన్న కారుకి ఆ బరువు లాగే సత్తా ఎక్కడిది?

అందుకే ఇవాళ పొద్దున అబూ హమూర్ సెకండ్‌హ్యాండ్ బళ్ళ బజారులో ఒక పాత ఎస్‌యూవీ కొన్నాను. నువ్వు చెప్పినట్టే పైమెరుపు చూడలేదు. చొక్కా మాసినా సరేనని కిందికి దూరి, టార్చి వేసి, ఉప్పుకి తుప్పు పట్టిందేమో చూశాను. పడవలు లాగిన బళ్ళు అక్కడే దొరికిపోతాయనేవాడివిగా. రెండింటిని వద్దన్నాను. మూడోదాని అడుగు శుభ్రంగా ఉంది, ఇంజనూ నెమ్మదిగా పలికింది.

అమ్మేవాడు లోపలున్న తెర చూపించి మురిసిపోయాడు. "కెమెరా హై భాయ్. అబ్ పీఛే ఆద్మీ నహీ చాహియే."

వెనక మనిషి అక్కర్లేదట! వచ్చిన కోపానికి బేరమాడటం కూడా మర్చిపోయాను. నువ్వుంటే తిట్టేవాడివి.

సాయంత్రం పడవ తగిలించుకుని రేవుకి వెళ్ళాను. నీ బండే అయినా స్టీరింగు ఎప్పుడూ నాకిచ్చి, నువ్వు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి "రానీ, రానీ... ఇక చాల్రా!" అని కేకేసేవాడివి. అలవాటుగా అద్దం దించి, బండిని మెల్లగా వెనక్కి పోనిచ్చాను. తెరలో పడవా, నీళ్ళూ అన్నీ చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి.

బండి వెనక చక్రాలు సముద్రంలో మునిగేదాకా నేను బ్రేకు తొక్కలేదురా. నువ్వింకా చాలనలేదు కదా.