మోగని నారి

1887 జనవరి 9, ఆదివారం

తాతగారి విల్లు భోషాణంలోంచి తీశాను. ఏడాదికోసారి దసరాకి బయటికి వచ్చి, పూజ చేయించుకుని మళ్లీ లోపలికి పోతుంది. కొమ్ము అతికించి రంగులు వేసిన పొట్టి విల్లు. తోటలో ఒక్కసారి లాగి వదిలాను. గాదె మీద పావురాలన్నీ లేచిపోయాయి.

నాన్నగారు అరుగు మీంచే, ఏంట్రా సూరీ ఆ మోత, అన్నారు. కోప్పడలేదు. సంతోషించారు. మన ఇంటి విల్లు మోగితే వీధి చివరికి వినపడాలట. చెప్పి కొట్టేది రాచవిల్లట, చెప్పకుండా కొట్టేది దొంగవిల్లట.

నాకు దొంగవిల్లే కావాలి.

జనవరి 12, బుధవారం

ఎందుకో రాసి పెట్టుకుంటాను. రాస్తే నాకైనా ఏదైనా అనిపిస్తుందేమో.

అక్క సుభద్రకి పంతొమ్మిదేళ్లు. బావ జ్వరంతో పోయి రెండేళ్లయింది. రెండు లాకుల అవతల అత్తవారింట్లో, పెరటి గదిలో ఉంటుంది. ఆడవాళ్లు గడప దాటని ఘోషా ఇల్లు. ఈ వేసవికి కాలువల్లో నీళ్లు కట్టేసి పడవలు ఆగిపోయేలోగా అక్కని కాశీకి పంపేస్తామని ఆవిడ బావగారు కృష్ణంరాజుగారు కబురు చేశారు. తోడు ఒక ముసలి మేనత్త. నాన్నగారు విని మంచిదే అన్నారు. కాశీకి పంపిన పిల్లలెవరూ తిరిగి రావడం నేనెరగను.

ఆ మాట విన్న రోజు నీళ్ల కుండ తన్ని పగలగొట్టాను. ఇప్పుడు ఆ కోపం కూడా లేదు.

స్త్రీ పునర్వివాహం మీద నా దగ్గర పదకొండు ప్యాంప్లెట్లున్నాయి. అన్నీ కంఠతా వచ్చు. రాజమండ్రి సభవారికి ఉత్తరం రాశాను. తీసుకువస్తే ఉంచుకుంటాం, చదువు చెప్పిస్తాం అని జవాబు వచ్చింది.

వాళ్ల పెరటి తలుపు కాలువగట్టు మీదికి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్లంతా వెనక వసారాలో పడుకుంటారు. ఆ వేళకి మెలకువగా ఉండేది తలుపు దగ్గర నల్లకుక్క ఒక్కటే. కొత్త మనిషి గట్టెక్కితే చాలు, ఊరు లేపుతుంది. కుక్క పడాలి, వసారా లేవకూడదు. ఆ తరవాత గోడ దూకి అక్క కిటికీ తడతాను.

మా తుపాకీని, ఏజెన్సీలో తిరుగుబాటు లేచిన పితూరీ రోజుల్లోనే సర్కారు పట్టుకుపోయింది. ఉన్నా ఈ పనికి పనికిరాదు.

జనవరి 20, గురువారం

పడవ పెదబాబుని కలిశాను. పదేళ్లు ఏజెన్సీ నుంచి వెదురు తెప్పలు దింపినవాడు. కోయవాళ్లతో వేటాడినవాడు. పొలం మీద పందులు పడుతున్నాయి, చప్పుడు లేని విల్లు కావాలన్నాను.

తన చూరులోంచి రెండు తీశాడు. ఒకటి కోయల వెదురు విల్లు, నారి కూడా వెదురు బద్దే. వదిలితే టప్పుమంది. రెండోది తాటిచేవ విల్లు, మనిషెత్తు. వదిలితే ఎవరో దుప్పటి దులిపినట్టు. పెదబాబు నవ్వాడు. వెదురు విల్లు కొత్తకోడలండి బాబుగారూ, గిన్నె ముట్టుకుంటే గోల. ఈ తాటివిల్లు ముసలత్తగారండి, ఎంత కోపమొచ్చినా లోపల్లోపలే మూలుగుద్దండి, అన్నాడు. పొట్టి విల్లు ఎక్కువ వంగాలి కాబట్టి ఎక్కువ అరుస్తుందట.

తాటివిల్లు తీసుకున్నాను.

ఫిబ్రవరి 3

జనపనార పేని, తేనెమైనం పట్టించి నారి చేశాం. ఇంకా చిన్నగా జుమ్మంటోంది. పెదబాబు తల గోక్కుని, విల్లు నోరు మూయించొచ్చు గానండి, నారి నోరు మూయించడం బ్రహ్మగారి వల్ల కూడా కాలేదండి, అన్నాడు. రేవులో వాళ్లంతా నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఆడదాన్ని గురించి అలా మాట్లాడే దేశం బాగుపడదని అరగంట లెక్చరిచ్చాను. పెదబాబు చేతులు కట్టుకుని విన్నాడు. అయ్యాక, నేనన్నది ఈ తాడు గురించండి, అన్నాడు.

ఫిబ్రవరి 11

నారికీ వింటికీ మధ్య పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే ఎంతో, అంత ఎడం ఉండాలి. తగ్గితే నారి చేవకి కొట్టుకుంటుంది. కొసల్లో నారి తగిలేచోట పాత పంచె గుడ్డ చుట్టాను. కొంత తగ్గింది.

ఫిబ్రవరి 19

తేలిక బాణం తప్పు. బరువైన బాణం వింటి ఊపంతా తనతో పట్టుకుపోతుంది. తేలికదైతే మిగిలిపోయిన ఊపుతో విల్లే అరుస్తుంది. బాణాల మొనలకి బరువైన ఇనప ములుకులు వేయించాను.

ఫిబ్రవరి 20

అక్క ముఖం సరిగా గుర్తు రావడం లేదు.

మార్చి 6, ఆదివారం

గొంగళి ఉన్ని కుచ్చులు రెండు కట్టాను. నారిని నాలుగు పాళ్లు చేస్తే పై పాలు దగ్గర ఒకటి, కింది పాలు దగ్గర ఒకటి. అరటిబోదె మీదికి వదిలాను. ములుకు దిగిన చప్పుడే గాని విల్లు వదిలిన చప్పుడు లేదు. గాదె మీద పావురం ఒకటి ఇటు చూసింది. ఎగరలేదు.

సంతోషించాలి. చెయ్యి కడుక్కుని అన్నం తిన్నాను.

మార్చి 15

చాకలి సూరమ్మకి అటూ ఇటూ రెండు ఊళ్లూ వాడుకే. అక్క గదిలోకి వెళ్లగలిగిన బయటి మనిషి ఆవిడొక్కతే. ఇవాళ మూట దించుతూ, అమ్మాయిగారికి ఏమన్నా చెప్పమంటారా చినబాబుగారూ, అంది. ఏమీ లేదన్నాను. ఒక్క మాటన్నా చెప్పండి, అంది. విసురుగా ఏమీ లేదన్నానుగా అన్నాను.

ఆడవాళ్ల నోట నువ్వుగింజ నానదు. అక్క నోట కూడా. ఆ రోజు వచ్చేదాకా తెలియకపోవడమే ఆవిడకి మంచిది.

మార్చి 29, మంగళవారం

రేపే. పెదబాబు పడవ తూము దగ్గర ఆపుతాడు. బేరం కుదిరాక, మీరు కొట్టేది పందిని కాదు కదండి, అన్నాడు. కాదన్నాను. ఇంకేమీ అడగలేదు.

మార్చి 30, బుధవారం. సాయంత్రం అయిదు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎండకి గట్టు మీద పురుగు కూడా లేదు. తుమ్మ చెట్టు చాటు నుంచి చూశాను. కుక్క తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది. ఎవరికోసమో చూస్తున్నట్టు తోక నేలకేసి ఆడిస్తోంది. ముప్పై అడుగులు. లాగాను. వదిలాను. విల్లు మోగలేదు. కుక్క కూడా మోగలేదు. అలాగే పక్కకి ఒరిగింది. వసారాలో గురక ఆగలేదు. మూడు నెలల్లో నేను చేసిన పని అంత బాగా కుదిరింది.

గోడ దగ్గరికి వచ్చేసరికి పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు. తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. అక్క. చేతిలో విస్తరి, అందులో పెరుగన్నం ముద్ద. నాగన్నా, నాగన్నా, అని గుసగుసగా పిలుస్తూ బయటికి అడుగుపెట్టింది. తలుపు కిర్రుమనలేదు. బందులకి నూనె రాసి ఉంది.

కిందికి చూసింది.

అక్క అరిచింది. అంత గొంతు అక్కకి ఉందని నాకు తెలియదు. రెండో లాకు దాకా వినపడి ఉంటుంది.

వసారా అంతా లేచి వచ్చింది. ఎవరో అక్కని రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లారు. వెళుతూ నన్ను చూసింది. విల్లుని కూడా చూసింది.

నన్ను కొట్టలేదు. కృష్ణంరాజుగారు విల్లు అందుకుని, నారి మీద వేలు పెట్టి, ఉన్ని కుచ్చులు నలిపి చూశారు. పనితనం బాగుందయ్యా, ఎవరు చేశారు, అని అడిగారు. నేనే అన్నాను. కుక్కని కొట్టడానికి రాజుల బిడ్డకి ఇంత చాకిరీయా, మీ తాతగారుంటే ఎంత మురిసేవారో, అన్నారు. అందరూ నవ్వారు. విల్లు తిరిగి నా చేతిలో పెట్టారు. ఎండలో వచ్చావన్నారు. మజ్జిగ ఇచ్చారు.

తాగాను.

ఏప్రిల్ 2, శనివారం

సూరమ్మ వచ్చింది. మూట దించలేదు. నిలబడే చెప్పింది.

ఆరు నెలలుగా అక్క ఆ కుక్కకి నాగన్నని పేరు పెట్టుకుని, రోజూ మధ్యాహ్నం తన ముద్దలో సగం పెడుతోందట. మొదట్లో తలుపు సందులోంచి విసిరేదట. తరవాత చేత్తో. ఈ మధ్య గట్టు దాకా వెళ్లి వచ్చినా అది తోకాడిస్తూ వెంట నడిచేదట, కిమ్మనేది కాదట. బందులకి నూనె తలలోకని చెప్పి దాచుకున్నదట. నిన్న శుక్రవారం సంత పడవలో ఎక్కించడానికి సూరమ్మ తమ్ముడితో మాటయిపోయిందట.

ఎక్కడికని అడిగాను.

ఇక్కడికే బాబుగారూ, అంది. మా తమ్ముడున్నాడు కదే, పుస్తకాలు చదివినవాడు, ఇక అంతా వాడు చూసుకుంటాడు, అని అక్క అన్నదట.

మరి నాకెందుకు చెప్పలేదన్నాను. మీకు కోపమెక్కువటండి. ముందే తెలిస్తే ఊరంతా లేపేస్తారని, అమ్మాయిగారే చెప్పొద్దన్నారండి.

సూరమ్మ మూట నెత్తి మీద సర్దుకుంది. అమ్మాయిగారికి ఏమన్నా చెప్పమంటారా, అని మాత్రం ఈసారి అడగలేదు.

ఏప్రిల్ 9

పెరటి తలుపుకి ఇటుకలు పెట్టి సున్నం కొట్టారట.

ఏప్రిల్ 18, సోమవారం

తెర కట్టిన పడవ మా లాకులో పావుగంట ఆగింది. నీళ్లు నిండేదాకా గట్టు మీద నిలబడ్డాను. అక్కా అని పిలుద్దామనుకున్నాను. తెరలోంచి ఎవరో దగ్గారు. ముసలిదగ్గు. లాకు తలుపులు తీశారు. పడవ నిడదవోలు వైపు వెళ్లింది.

ప్యాంప్లెట్లు పదకొండూ ఉన్నాయి. ఇవాళ లెక్కపెట్టాను.

ఏప్రిల్ 30, శనివారం. మధ్యాహ్నం

కాలువ కట్టేశారు. నారికి కట్టిన ఉన్ని విప్పేశాను. కొసల గుడ్డ తీసేశాను. విల్లు చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి మీటాను. మోగింది. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. ఎవరూ లేవలేదు.