తీగ మీది మొక్కు

సాంత ఎలేనా, సోమవారం

అక్కా, మన మరీసెల్ పాసయింది!

ఆనందంలో నమస్కారం మర్చిపోయాను. కార్తాగోలో ఉన్న మా పెద్దక్క హెర్మిండాకు తమ్ముడు ఎవెలియో నిండు మనసుతో నమస్కరించి రాయునది. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నా కూతురు జిప్ లైన్ గైడు అయిందక్కా! లోయకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఉక్కుతాడు కట్టి, మనుషుల్ని కప్పీకి తగిలించి జారవిడుస్తారు చూడు, అదే. మా కొండ మీద ఆడపిల్ల గైడు కావడం ఇదే మొదలు. నేను ఏడ్చాను. కోళ్లకి మేత వేస్తూ మళ్లీ ఏడ్చాను.

అయితే కిరాణా కొట్టు అబెలార్దో ఉన్నాడే, వాడు అందరిముందూ, "ముందు వాళ్ల నాన్నని వేలాడదీయమను, ఆ తర్వాత మనం ఆలోచిద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్ల తల దించుకుంది. అది చూసి ఆగలేక, దీని చేత్తో పట్టీలు కట్టించుకుని మొట్టమొదట లోయ దాటేది నేనేనని మన నల్లతల్లి మేరీమాతకు మొక్కేశాను. శనివారం ముహూర్తం. నేను వెనక్కి తగ్గానా, సొంత తండ్రే నమ్మలేదంటారు. ఇక దాని చేతికి తమ నడుం ఎవరిస్తారు?

ఉంటాను,
సంతోషం పట్టలేని నీ తమ్ముడు
ఎవెలియో

తా.క. అవకాడో చెట్టెక్కిన నన్ను దించడానికి ఊరంతా వచ్చిన సంగతి మరీసెల్‌కి తెలియదు. నువ్వు చెప్పకు.


కార్తాగో, మంగళవారం

ఒరేయ్ ఎవెలియో,

ఆశీస్సులు తర్వాత. ముందు ఇది చెప్పు, నీకు మతి పోయిందా? తీగ మీద దింపేది కాఫీ బస్తాల్నిరా, మనుషుల్ని కాదు. బస్తా కిందపడితే ఏరుకుంటాం. నిన్నెవరు ఏరాలి?

పిల్ల పాసైనందుకు ముద్దులు. ఆ తీగ మీదికి పడుచు వాళ్లనెవరినైనా పంపమను. నువ్వు కింద నిలబడి చప్పట్లు కొట్టు. కన్నతండ్రి పని అంతే.

నీ మేలు కోరే అక్క,
హెర్మిండా

తా.క. అవకాడో సంగతి మరీసెల్‌కి ఎప్పుడో చెప్పేశాను.


సాంత ఎలేనా, బుధవారం

దయగల అక్కయ్యకు,

నువ్వు కంగారుపడతావని ఏర్పాట్లన్నీ వివరంగా రాస్తున్నాను. చదివితే నీ గుండె కుదుటపడుతుంది.

నిన్న నన్ను తూకం వేశారు. డాక్టరు దగ్గర రక్తపోటు చూపించుకున్నాను. ఆయన నా ముఖం చాలాసేపు చూసి, "వెళ్లాలనే నిశ్చయించుకున్నారా?" అని అడిగాడు. నిశ్చయించుకున్నానన్నాను. నాకేమైనా అయితే బాధ్యత నాదేనని ఒక కాగితం మీద సంతకం పెట్టాను. శనివారం జేబుల్లో ఏమీ ఉండకూడదట, ఉంగరం తీసెయ్యాలట, కడుపు నిండా తినకూడదట. ఫాదరు దగ్గరికెళ్లి పాపాలు ఒప్పుకున్నాను. ఇది మరీసెల్ చెప్పలేదు, నా అంతట నేనే.

రోజూ సాయంత్రం అది నాకు పట్టీల తొడుగు వేసి కాఫీ ఆరబెట్టే షెడ్డులో దూలానికి వేలాడదీస్తోంది. కాళ్లు ముందుకు చాపాలి, చేత్తో ఉక్కుతాడు పట్టుకోకూడదు. "పట్టు వదిలెయ్ నాన్నా, భయం లేదు. కాసేపటికి ఒళ్లంతా తేలికైపోతుంది. అవతల నీ కోసం చేతులు చాచి నిలబడి ఉంటారు" అంటోంది. ఎంత చల్లని మాటో చూడు.

ప్రశాంతంగా ఉన్న నీ తమ్ముడు
ఎవెలియో

తా.క. వేలాడుతూ బెల్లం నీళ్లు తాగాను. ఒక్క చుక్క ఒలకలేదు.


కార్తాగో, గురువారం

నా చిట్టి తమ్ముడూ,

ఇప్పుడు అర్థమైందిరా. తూకం, డాక్టరు, ఉపవాసం, ఫాదరు, అవతల చేతులు చాచిన వాళ్లు! ఏ జబ్బురా నీకు? జిప్ లైనూ లేదు, గిప్ లైనూ లేదు, నన్ను ఏడిపించకూడదని కట్టిన కథ అది. పాపం, ఆ పిల్ల చేత కూడా అబద్ధం ఆడిస్తున్నావు.

బంధువులందరికీ చెప్పేశాను. మనిషి పోయాక చేసే తొమ్మిది రోజుల ప్రార్థనకి మనిషిని మాట్లాడాను. వచ్చినవాళ్లకి పెట్టే మొక్కజొన్న తమాలెలు చుట్టడానికి అరటాకులు కోయించాను. నువ్వు లేచి తిరిగితే మేమే తినేస్తాం, అదేం నష్టం కాదు.

నువ్వేదో మొక్కావుగా, నేనూ మొక్కాను. ఈ శనివారం తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా నువ్వు నేల మీదే ఉంటే, చర్చి వాకిలి నుంచి నల్లతల్లి పీఠం దాకా మోకాళ్ల మీద నడిచొస్తానన్నాను. ఎవరి మొక్కు గట్టిదో అమ్మే తేలుస్తుంది.

కన్నీళ్లతో,
హెర్మిండా

తా.క. ఏ చొక్కా వేయమంటావో రాసి పంపు. ఆ పసుపుపచ్చది మాత్రం వద్దు.


సాంత ఎలేనా, ఆదివారం సాయంత్రం

అక్కా, మరీసెల్ నన్ను పంపలేదు!

బతికే ఉన్నాను, నీకు నమస్కారం. అప్పుడే అరటాకులు పారెయ్యకు, ముందు ఇది చదువు.

శనివారం గట్టు మీద ఊరంతా ఉంది. ముందు వరసలో అబెలార్దో. మరీసెల్ నన్ను అంచున ఉన్న రాతిమెట్టు ఎక్కించి నా తొడల పట్టీలు బిగించింది, వేళ్లు దూర్చి సందు చూసింది, హెల్మెట్ పట్టీ లాగి చూసింది. ఆ పైన ఇంకో గైడు వచ్చి, అది చూసినవన్నీ మళ్లీ చూశాడు. కప్పీ తగిలించింది, దానికి తోడు ఇంకో తాడూ తగిలించింది. నేను నల్లతల్లిని తలుచుకుని కళ్లు మూసుకున్నాను. అప్పుడు ఎక్కడో కొండల అవతల, కడుపులో గుడగుడలాడినట్టు, చిన్న ఉరుము.

"నాన్నా, దిగు" అంది.

"ఉరుము కాదమ్మా, అది నా పొట్టే" అన్నాను.

"దిగు నాన్నా."

అబెలార్దో అందుకున్నాడు. "చూశారా! కన్నతండ్రిని పంపడానికే చేతులు వణుకుతున్నాయి."

"వణికితే వణకనీ బాబాయ్. ఉరుము వినపడితే లైను మూసేస్తాం. మా నాన్న అయినా అంతే, మీరైనా అంతే."

"తల్లీ, నా మొక్కుందమ్మా!" అని బతిమాలాను, నా పరువూ దాని పరువూ రెండూ పోతున్నాయని.

"అమ్మవారితో నేను చెప్పుకుంటాను. ముందు కిందికి దిగు" అంది. మొహం కందిపోయి ఉంది, గొంతు మాత్రం జంకలేదు.

మరి చూడు, వాన పడనే లేదు! జనం నవ్వుకుంటూ పోయారు. తర్వాత లేచిన గాలి తగ్గలేదని అది మళ్లీ లైను తెరవలేదు, ఎవర్నీ పంపలేదు. రాత్రి దానికి అన్నం సహించలేదు. నాకూ అంతే.

ఈ ఉదయం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. వెళ్లేసరికి గట్టు మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు, అబెలార్దో. టోపీ చేతిలో ఉంది. "పోనివ్వడం ఎవరికైనా వచ్చు. ఊరంతా నవ్వుతుంటే ఆపింది. నీ కూతురి చేత నాకూ పట్టీలు కట్టించు, నీ వెనకే వస్తాను" అన్నాడు.

నిన్న ఎవరూ వెళ్లలేదు కాబట్టి మొదటివాణ్ని నేనే. వెళ్లానక్కా! గట్టు వదిలాను. కళ్లు తెరిచి చూస్తే మంచు నా కాళ్ల కింద ఉంది, పక్షులు నా కంటే కింద ఎగురుతున్నాయి. డెబ్బై ఏళ్లుగా ఆ చెట్ల మొదళ్లు చూశాను గానీ వాటి నెత్తులు చూసింది ఇవాళే. అవతల గైడు నన్ను పట్టుకుని ఎలా ఉందని అడిగితే, మళ్లీ పంపమన్నాను.

శనివారమంతా నేల మీదే ఉన్నాను కాబట్టి నీ మొక్కూ ఫలించింది, ఇక చర్చి వాకిలి నుంచి నువ్వు మోకాళ్ల మీద నడవాల్సిందే. నొప్పి పుట్టకుండా దూదిపెట్టిన మోకాలి పట్టీలు మరీసెల్ పంపుతోంది. అవి కట్టుకుంటే మొక్కు చెల్లదని మాత్రం అనకు.

నేనింకా పోలేదనీ, పిల్ల గెలిచిందనీ ఈ కింది వాళ్లందరికీ చెప్పు:

తురియాల్బా చిన్నాన్న కొడుకు రిగోబెర్తో, వాడి భార్య. ఆమెకే ముందు చెప్పు, మిగతా ఊరికి ఆమే చెబుతుంది.
లిమోన్‌లో ఉన్న మేనత్త ఓతిలియా. నెమ్మదిగా చెప్పు, గుండెజబ్బు మనిషి.
మా తోడల్లుడు ఫాబియో. వాడికి రెండుసార్లు చెప్పు, మంచి వార్త ఏదీ ఒక్కసారికి నమ్మడు.
నా పెళ్లికి రాని కవల మేనకోడళ్లు. రానందుకే చెప్పు.
చివరిగా, మీ కార్తాగో శ్మశానంలో ఉన్న మరీసెల్ వాళ్లమ్మ. కుడివైపు నిలబడి గట్టిగా చెప్పు అక్కా, దానికి ఎడమ చెవి వినపడేది కాదు.