పోగు తెగలేదు

నగరి,
ఫిబ్రవరి 1981

చిరంజీవి పంకజాక్షికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, నాయన, రెండు మగ్గాలు అందరమూ క్షేమం. ఆ జపాను చలికి నువ్వు చెవులకు గుడ్డ కట్టుకుంటున్నావనే నమ్ముతున్నాను.

నీ స్నేహితురాలు సచికోను ఇక్కడ అందరూ సచికమ్మ అంటున్నారు. రాగిసంగటి ఇష్టంగా తినింది, ఊరుబిండి పచ్చడి కారానికి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది. నువ్వడిగిన నిమ్మకాయ ఊరగాయ ఆమె చేతికే ఇచ్చాను.

ఇక నువ్వు అన్నిటికంటే ముందు అడిగిన మాట. నువ్వు కట్టిన పాటను సచికమ్మ వాయిస్తుంటే వినడానికి నాయన తిరుపతి వచ్చాడు. నువ్వు విమానం ఎక్కిన నాటినుంచి నీకొక్క ముక్క రాయని మనిషి, "రాగమూ తాళమూ లేని పాటకు నేనేంటికి?" అని పొద్దున్నుంచీ సణిగి, బస్సు వేళకు అందరికంటే ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలో నిలబడ్డాడు.

ఇప్పుడొకటి చెబుతాను, కోప్పడొద్దు. సచికమ్మ వేదిక మీద వాళ్ల జపాను వీణను, అదే ఆ కోతోను, శ్రుతి చేసిపెట్టి, చూసుకోమని నాకు సైగచేసి కాఫీకి వెళ్లింది. మన వీణకు తీగల్ని మోసే గుర్రం ఒకటే కదా, దానికి తీగకొకటి, వంకరటింకరగా నిలబడి ఉన్నాయి. పడుగు పోగులు సర్దీ సర్దీ అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? పాపం, హడావుడిలో పెట్టిందేమో అనుకుని అన్నిటినీ ఒక వరసకు జరిపేశాను. ఆమె వచ్చి ఒక తీగ మీటగానే ముఖం మారింది. నేను లెంపలు వేసుకున్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, ఒక్కొక్కటే మీటి చూసుకుంటూ వెనక్కి జరుపుకుంది. అప్పటికే తెర లేపుతున్నారు. నాయన ముందు నీ పాటను నా చేత్తో నేనే చెడగొట్టానని దిగులు పట్టుకుంది.

ముందు వాళ్ల పాతకాలం పాట. కుడిచేత్తో మీటి ఎడమచేత్తో తీగ నొక్కితే అచ్చం మన గమకమే. తర్వాత నీది. నిజం చెబుతున్నా, మొదట్లో నాకేమీ అంతుపట్టలేదు. అంతలో ఆమె చెక్కను తడుతూ తీగలు మీటడం మొదలుపెట్టింది. మన మగ్గమే! నాయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

ఉన్నట్టుండి ఆగిపోయింది. చెయ్యి గాలిలోనే ఉంది, ఎంతకీ దిగదు. గుర్రం జారిందేమో, అంతా నా వల్లే అని నేను ఏడుకొండలవాడికి మొక్కుకుంటుంటే, నాయన కళ్లు తెరవకుండానే, ఇంట్లో నా మగ్గం చప్పుడు ఆగితే కేకేసినట్టే కేకేశాడు: "పోగు తెగిందేమే?"

హాలంతా నవ్వు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సచికమ్మ మాత్రం కళ్లెత్తి నాయన వైపు చూసి, మెల్లగా చెయ్యి దించి మళ్లీ అందుకుంది.

అయిపోయాక నేరుగా నాయన దగ్గరికే వచ్చింది. అక్కడ సాధన చేసేటప్పుడు, పాటలో నువ్వు పెట్టిన ఆ ఆగే చోట ప్రతిసారీ నువ్వే ఆ మాట అనేదానివట, అది విన్నాకే ఆమె మళ్లీ అందుకునేదట. మీ వీణ మాస్టారు సుబ్రమణ్యం ఆమె ఇంగ్లీషును మాకు తెలుగులో చెప్పాడు. తర్వాత ఆమె చేతులు జోడించి, నువ్వు నేర్పిన తెలుగులో తనే అంది: "పోగు తెగలేదు, నాయనా."

నా గుండెల మీది బరువు అప్పుడు దిగిందే పాపా. ఇంక నన్ను ఎంత తిట్టినా పడతాను.

నాయన ఏమన్నాడని కదా అడిగావు. బస్సు వడమాలపేట దాటేదాకా కండువా ముఖం మీంచి తీయలేదు. నగరిలో దిగేటప్పుడు మాత్రం, "పాపకు రాయి, నాయన పలికినాడని" అన్నాడు.

ఇట్లు,
గుర్రాల జోలికి ఇంకెప్పుడూ పోని
నీ అమ్మ,
కుప్పమ్మ