షార్లమేన్ మాటకు నవ్విన రోజు

అక్కా,

ఇవాళ నీ కూతురు మేఘన హెర్న్‌డన్‌లో మా ఇంటికి వచ్చింది. కాలేజీలో హిస్టరీ తీసుకుందట. పాత ఫ్రాన్సు రాజుల గురించి చదువుతుందట. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నలభై రెండేళ్ల వయసులో నువ్వూ ఆ చదువుకే సీటు తెచ్చుకున్నావు. ఉద్యోగం మానేస్తానని ముందుగా నాకే చెప్పావు.

"ఈ వయసులో హిస్టరీ ఏంటక్కా? ముందు బావకి గ్రీన్ కార్డ్ రానీ" అన్నాను.

"ఆ ఫ్రాన్సు రాజు షార్లమేన్ అన్ని రాజ్యాలు గెలిచి, ముసలితనంలో రాయడం నేర్చుకోవడానికి కూర్చున్నాడటే!" అన్నావు.

నేను పగలబడి నవ్వాను. నువ్వూ నవ్వేసి, ఆ వారంలోనే సీటు వదులుకున్నావు. మరుసటి ఏడు జబ్బుపడి మాకు లేకుండా పోయావు.

అన్నం తింటూ మేఘన అడిగింది. "పిన్నీ, అమ్మకి కూడా హిస్టరీ ఇష్టమా?"

"చాలా ఇష్టం. సీటు కూడా వచ్చింది."

"మరి ఎందుకు జాయిన్ అవ్వలేదు?"

గ్రీన్ కార్డ్ మీదికి నెట్టేస్తే సరిపోయేది. నోరు రాలేదు.

"నేను వద్దన్నాను. నవ్వాను కూడా" అన్నాను.

అది కంచం పక్కకు జరిపి, కారు తాళాలు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మ నీ మాట అంత వినేదా పిన్నీ?"

వినేదానివి, అక్కా. అదే చెప్పాను.