ముందుకి జరిపిన సీటు

డెల్లా, నేను బాగానే ఉన్నాను. నీ తుంటి ఆపరేషన్ కుట్లు విప్పారా?

మొన్న ఇక్కడ సైట్లో పని ఆపాక, మట్టి ఎత్తే మన లోడర్ బండి కింద చెక్కలు వేయడం మర్చిపోయాను. ఎప్పుడూ నువ్వే వేసేదానివి కదా. తెల్లారేసరికి చలికి బురద గడ్డకట్టి రబ్బరు పట్టాలు నేలకి అతుక్కుపోయాయి. మధ్యాహ్నం దాకా గునపంతో పొడిచాను. బండ్లమ్మే షోరూమ్ ఓర్విల్ అటొచ్చి, చూసి నవ్వాడు.

"ఈ ముసలి బండినిచ్చేసి కొత్తది పట్టుకుపోవయ్యా. సీటు కూడా వెనక్కి రాదంటివి, మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి."

రాదని అబద్ధం చెప్పాను. పోయినేడు నువ్వు నడిపినప్పుడు ముందుకి జరుపుకున్న చోటే ఉంచాను.

వాకిట్లో మంచు ఎత్తడానికి పక్కింటి లోరెన్‌ని పిలువు, నువ్వు పార పట్టుకోకు. పిల్లలకి ముద్దులు. బండి మార్చాలో వద్దో నువ్వే చెప్పు. వచ్చి, ఆ సీట్లో కూర్చుని చెప్పు.

నీ ఆర్లెన్